కట్టుడు పళ్ళు ఎక్కడ కడగాలి

మా యారాలు నా స్టీలు గ్లాసును చెత్తబుట్టలో పడేసిన పొద్దు నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. యారాలంటే మా ఆయన అన్న భార్య. నాకంటే పెద్దది కాబట్టి అక్కా అని పిలవాలి, పిలుస్తాను. పిలిచినంత మాత్రాన అక్క అయిపోదు. ఆ గ్లాసులో ఉన్నవి నా పళ్ళు. పొయ్యి మీది వేడి గిన్నెలు దించే పట్టకారుతో వాటిని పట్టి పాత పేపరు మీద పడేసింది. గ్లాసును చెత్తలోకి విసిరింది. ఆ తర్వాత వంటింటి గట్టు నిండా పసుపు నీళ్ళు చల్లింది.

"నోట్లకెల్లి తీసిన ఎంగిలి. గిది పదిమంది తినే వంటిల్లు," అంది.

నేను తిరిగి ఏదో అనబోయాను. పళ్ళు లేని నోటితో తిట్టడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. గాలి వచ్చింది, ఉమ్మి వచ్చింది, మాట రాలేదు. పేపరు మీది పళ్ళు తీసి కొంగుతో తుడిచి అలాగే నోట్లో పెట్టుకున్నాను. అప్పటికి ఆమె స్నానానికి వెళ్ళిపోయింది. నేను తలచుకొని తలచుకొని తిట్టిన తిట్లన్నీ పప్పు గిన్నె విన్నది.

మాది పుప్పాలగూడలో కర్రీ పాయింట్. అన్నదమ్ములిద్దరూ కంపెనీల క్యాబులు నడుపుతారు. ఉంటే రోడ్డు మీద ఉంటారు, లేకుంటే నిద్రలో ఉంటారు. దుకాణం మా ఆడవాళ్ళిద్దరిదే. ముందు షట్టరు, వెనక వంటిల్లు, పైన కిరాయికి తీసుకున్న రెండు గదులు. మెడలో కంపెనీ ట్యాగులు వేసుకున్న పిల్లలు అన్నం వాళ్ళ కుక్కర్లలో వండుకొని, కూరలు మా దగ్గర కొనుక్కుపోతారు. టమాట పప్పు, బెండకాయ వేపుడు, గుత్తి వంకాయ, సాంబారు. వండేది నేను. కూరగాయలు తెచ్చేది, గల్లా పెట్టె దగ్గర కూచునేది అక్క. మా ఊళ్ళో పెళ్ళిళ్ళకు కూడా పప్పు నన్నే చేయమనేవాళ్ళు. ఇది గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాట చెబుతున్నాను.

నా చిగుళ్ళు వదులైపోయి పై పళ్ళు ఒక్కొక్కటే ఊగడం మొదలుపెట్టాయి. డాక్టరు దగ్గర అన్నీ పీకించి పై పళ్ళ సెట్టు కట్టించుకున్నాను. గులాబి రంగు ప్లేటు అంగిలికి అతుక్కొని కూచుంటుంది, దానికి పళ్ళు. రాత్రి తీసి నీళ్ళలో వేయమని, తిన్న ప్రతిసారీ కడగమని ఆయన అప్పుడే చెప్పాడు. చెప్పడానికేం, నోరున్న ఎవరైనా చెబుతారు. ఎక్కడ కడగాలో మాత్రం చెప్పలేదు.

మా ఇంట్లో రెండే నల్లాలు. ఒకటి వంటింట్లో, ఒకటి బాత్రూంలో. వంటింటి నల్లా కింద నోట్లోంచి తీసినది కడిగితే ఎంగిలి. అక్క ఉన్నంతవరకు అది జరిగే పని కాదు. బాత్రూం అంటే లెట్రిన్ కూడా అదే. పొద్దున్నే అందరూ పోయే చోట, ఆ మగ్గుతో ఆ నీళ్ళు పోసి కడిగినదాన్ని నేను నోట్లో పెట్టుకోవాలా? ఛీ. నా కంఠంలో ప్రాణం ఉండగా పెట్టుకోను. ఇంటి వెనక పెరడు లేదు, పక్క అపార్ట్‌మెంటు గోడ ఉంది. ఇంటి ముందు రోడ్డు, రోడ్డు నిండా మా గిరాకీ. ఇక నేను చేసేదేముంది? తిన్నాక ఒక గుటక నీళ్ళు నోట్లో పోసుకొని పుక్కిలించి మింగేదాన్ని. పళ్ళు పగలూ రాత్రీ నోట్లోనే ఉండేవి. దీంట్లో నా తప్పుందని ఇవాళ్టికీ నేను ఒప్పుకోను.

అక్క ఎంగిలి పట్టింపు ఇప్పటిది కాదు. ఆమె అందరితో కలిసి తినదు. ఎప్పుడు తిన్నా గోడవైపు తిరిగి తింటుంది. జామకాయ ఇస్తే కొరకదు, కత్తితో పలచగా కోసుకుంటుంది. నవ్వు వస్తే కొంగు అడ్డం పెట్టుకుంటుంది. మొదట్లో నేను అది పెద్దరికం అనుకునేదాన్ని. గ్లాసు సంగతి జరిగాక పొగరు అనడం మొదలుపెట్టాను.

కొన్ని నెలలకు నా నోరు మండడం మొదలైంది. కారం తగిలితే అంగిలి మీద నిప్పులు పోసినట్టుండేది. మనవాళ్ళకు నోరు మండితే ఒకటే మాట, వేడి చేసింది. అక్క అదే అంది, మా ఆయన అదే అన్నాడు, మెడికల్ షాపు అతను నోరు కూడా చూడకుండా అదే అని బి కాంప్లెక్స్ మాత్రలు చేతిలో పెట్టాడు. సబ్జా గింజలు నానబెట్టుకొని తాగాను. బార్లీ నీళ్ళు తాగాను. మజ్జిగ తాగి తాగి కడుపు ఉబ్బింది. చలవ చేస్తుందని కలకండ ముక్క పొద్దస్తమానం అంగిలికీ నాలుకకూ మధ్య పెట్టుకొని చప్పరించాను, పడుకోబోయే ముందు తేనె రాసుకున్నాను. తగ్గకపోతే అదే షాపు అతను ఏవో యాంటీబయాటిక్ గోళీలు ఇచ్చాడు. వాటితో మంట రెట్టింపయింది. అయినా వేడే అన్నారు. ఎండాకాలం పోయి వానలు పడుతున్నా నా ఒంట్లో మాత్రం వేడి తగ్గలేదట.

మంటను భరించాను. భరించలేనిది ఇంకొకటి వచ్చింది. రుచి పోయింది. పప్పు ఉడుకుతుంటే గరిటెతో అరచేతిలో నాలుగు చుక్కలు వేసుకొని నాలుకకు తగిలించడం నా అలవాటు. ఆ చుక్కలు నాలుక మీద పడితే ఏమీ తెలిసేది కాదు. చింతపండు పులుపు ఎక్కడో దూరం నుంచి వినిపించేది. ఉప్పు సరిపోయిందా లేదా అనేది గుడ్డిగా చెప్పాల్సి వచ్చింది. నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ దుకాణంలో నాకున్నది గరిటె ఒక్కటే. అది పోతే నేను ఉల్లిగడ్డలు కోసే మనిషిని.

గిరాకీ నోరు ఊరుకోదు కదా. సాంబారులో ఉప్పు లేదని ఒకరు, పప్పు ఉప్పు కషాయమని మర్నాడు ఇంకొకరు. రోజూ వచ్చే కోస్తా అమ్మాయి ఒకతి ఉంది, ఏదో కంపెనీలో చేస్తుంది, మర్యాద గల పిల్ల. ఆ పిల్లే ఒక మధ్యాహ్నం కవరు వెనక్కి తెచ్చి, ఆంటీ ఏమీ అనుకోకండి, ఇవాళ తినలేకపోయామండి అని నెమ్మదిగా చెప్పింది. అక్క ఆ కవరు విప్పి చూసింది. నా చేతిలోని గరిటె తీసుకుంది. దుకాణం ముందు ఆరేడుగురు నిలబడి ఉన్నారు.

"దీని నోరు సచ్చిపోయింది. ఇగ రేపటిసంది నేనే వండుత," అని అందరికీ వినిపించేలా అంది.

తల కొట్టేసినట్టయింది నాకు. నా పక్కనుంచి నన్ను దాటి పొయ్యి దగ్గరికి పోయింది. ఎవరి వల్ల నా పళ్ళకు నీళ్ళు లేకుండా పోయాయో ఆమే నా నోరు చచ్చిందని రోడ్డుకు చాటింది. అప్పటికి నాకు మంటకూ పళ్ళకూ ఉన్న సంబంధం తెలియదు. తెలిసి ఉంటే ఆ రోజే ఆ గరిటె విరిగి ఉండేది, దేని మీద విరిగేదో చెప్పను.

మర్నాటి నుంచి నేను ఉల్లిగడ్డలు కోశాను. కూరలు కవర్లలో పోసి దారాలు చుట్టాను. ఉల్లిగడ్డల వల్ల కళ్ళు కారుతున్నాయనే అందరూ అనుకున్నారు. అక్క వంటలు ఎలా ఉన్నాయో నా నాలుకకు తెలియదు కానీ, కొనేవాళ్ళ ముఖాలు నాకు కనిపిస్తున్నాయి. ఉప్పు ఎక్కువైందని నా రోజుల్లో అప్పుడప్పుడు అనేవాళ్ళు, ఆమె రోజుల్లో రోజూ అన్నారు. ఆమె నా మీద పడింది. తాను వేశాక నేను చాటుగా ఇంకోసారి వేస్తున్నానట. నేనేమో నా పేరు చెడగొట్టడానికే ఆమె కావాలని కుమ్మరిస్తోందని అన్నాను. ఉప్పు డబ్బా ఆమె తన గల్లా పెట్టె పక్కన పెట్టుకొని కూచునేదాకా వచ్చింది కథ. ఒకే వంటింట్లో ఇద్దరం ఎదురెదురుగా తిరుగుతూ మాట్లాడుకోవడం మానేశాం. ఏదైనా చెప్పాలంటే గిన్నెలకు చెప్పేవాళ్ళం.

నా పెదవుల మూలలు పగిలాయి. ఆవలించినా రక్తం. ఆ కోస్తా అమ్మాయే అది చూసి, నల్లగండ్లలో తాను చూపించుకునే పళ్ళ డాక్టరు ఉందని, పోయి రమ్మని గట్టిగా చెప్పింది. కవరు వెనక్కి తెచ్చిన పాపం కడుక్కోవడానికేమో అనుకున్నాను. అయినా పోయాను. ఉల్లిగడ్డలు అక్కనే కోసుకోమని షేర్ ఆటో ఎక్కాను.

డాక్టరమ్మ చిన్నది. నా పళ్ళ సెట్టు తీయించి చేతి గ్లవుజుతో పట్టుకొని తిప్పి చూసింది, ముఖం మాత్రం మార్చలేదు, అందుకు ఆమెను మెచ్చుకోవాలి. తర్వాత నా చేతికి అద్దం ఇచ్చి, ఇంకో చిన్న అద్దం నోట్లో పెట్టి చూసుకోమంది. నా అంగిలి ఎర్రగా ఉంది. ఎక్కడ పడితే అక్కడ కాదు. ప్లేటు ఎంతవరకు ఉంటుందో అంతవరకే, గీత గీసినట్టు, దాని అచ్చు. గీత దాటితే మామూలు రంగు. వేడి చేస్తే గీత గీసుకొని చేస్తుందా? ఇన్ని నెలలు ఆ మాట చెప్పిన ప్రతి మనిషి మీదా నాకు ఒక్కసారిగా మంట లేచింది.

రాత్రిపూట తీస్తారాండి అని అడిగింది. తీయనన్నాను. తిన్నాక కడుగుతారా అని అడిగింది.

"ఏడ కడగాలె? నువ్వే చెప్పు, డాక్టరమ్మా," అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. ఎందుకు అర్థమవుతుంది? ఆ ఒక్క గదిలోనే ఎటు చూసినా కుళాయే. కుర్చీ పక్కన ఒకటి, కిటికీ కింద ఒకటి. నేను గ్లాసు సంగతి, పట్టకారు సంగతి, బాత్రూం సంగతి అన్నీ చెప్పాను. విసుక్కోకుండా విన్నది. ఆ తర్వాత ఆమె చెప్పింది ఇది. ఇది వేడి కాదు, ఫంగస్, బూజు జాతిది. అందరి నోళ్ళలోనూ కొంచెం ఉంటుంది, మామూలుగా ఏమీ చేయదు. ప్లేటు కింద తడి, చీకటి, తిండి దొరికి, కదిలించేవాళ్ళు లేకపోతే పెరుగుతుంది. నేను చలవకని చప్పరించిన కలకండ, రాసిన తేనె దానికి మేత. యాంటీబయాటిక్ గోళీలు దానికి పోటీగా ఉండే క్రిములను చంపి ఇంకా చోటిచ్చాయి. షుగర్ పరీక్ష చేయించమంది, ఉన్నా లేకున్నా పళ్ళు కడగడం మాత్రం తప్పదంది. అంగిలికీ ప్లేటు లోపలివైపుకూ రాసే చుక్కల మందు ఇచ్చింది. మెత్తటి బ్రష్షు, సబ్బు పెట్టి తోమాలి, వేడి నీళ్ళు తగలకూడదు, రాత్రంతా మూత ఉన్న డబ్బీలో మంచినీళ్ళలో ఉండాలి.

తిరిగి వస్తూ ఆటోలో నాకు మా తొక్కు జాడీ గుర్తొచ్చింది. ఒకసారి అక్క దాంట్లో తడి గరిటె పెట్టింది. బూజు పడుతుందని పొద్దుగూకేదాకా తిట్టాను. జాడీకి ఉన్న పట్టింపు నా నోటికి లేకపోయింది. ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియక, చిల్లర లేదన్న ఆటో అతని మీద చూపాను.

నేను నేరుగా ప్లంబర్ దగ్గరికి పోయాను. షట్టరు లోపల, గల్లా పెట్టెకు ఎదురుగా, రోడ్డు కనిపించే గోడకు ఒక చిన్న బేసిన్ పెట్టించాను. గిరాకీ చేతులు కడుక్కోవడానికని ఇంటి ఓనరుకు చెప్పాను. అక్కకు మాత్రం నిజమే చెప్పాను. ఆమె ముఖం మాడిపోయింది.

"రోడ్డు మీద పండ్లు కడుగుతవా? ఇజ్జత్ లేదా నీకు?" అంది.

"వంటింట్ల నువ్వు వద్దంటివి. లెట్రిన్ల నేను కడగ. ఇగ మిగిలింది రోడ్డే," అన్నాను.

ఆ మధ్యాహ్నం అన్నం తిని, జనం నిలబడి ఉండగానే పళ్ళు తీసి బేసిన్ మీద సబ్బు పెట్టి తోమాను. బుగ్గలు లోపలికి పోయాయని నాకు తెలుసు. ముసలిదానిలా కనిపించానని తెలుసు. ట్యాగు వేసుకున్న ఒక కుర్రాడు నోరు తెరిచి చూస్తున్నాడు. చూడనీ అనుకున్నాను. నన్ను సిగ్గుపడేలా చేసినామె అక్కడే కూచుని ఉంది, ఆమె చూడాలనే నేను నెమ్మదిగా తోమాను. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకొని గోడవైపు తిరిగింది. నాకు ఎంత తృప్తిగా ఉందో చెప్పలేను. రోజూ అదే పని చేశాను. రాత్రి పళ్ళ డబ్బీ కూడా ఆ బేసిన్ పక్కన చెక్క మీదే పెట్టాను.

మంట మెల్లగా పోయింది. పెదవుల మూలలు మానాయి. ఒక పొద్దున మా ఇంటివరకు పచ్చిపులుసు కలుపుతూ వేలు నాకాను. పులుపు పళ్ళ కిందికి దిగి చెవుల దాకా పోయింది. వెనకనే ఉప్పు, దాని వెనక పచ్చిమిరపకాయ, ఉల్లిగడ్డ తీపి. ఒక్కొక్కటీ వేరువేరుగా వచ్చింది. నేను గిన్నె ముందే కూచుని ఏడ్చాను. ఆ రోజు నిజంగానే ఉల్లిగడ్డల వల్ల కాదు.

కళ్ళు తుడుచుకొని నేరుగా పొయ్యి దగ్గరికి వచ్చాను. అక్క పప్పు దించుతోంది. అడగకుండా గరిటెతో అరచేతిలో వేసుకొని నాలుకకు తగిలించి, అక్కడికక్కడే ఉమ్మేశాను. బేసిన్ గొడవ అయిన ఎన్నో రోజుల తర్వాత గిన్నెలతో కాకుండా ఆమెతోనే మాట్లాడాను.

"ఉప్పు గుమ్మరించినవ్. మనుషులు తింటరా గిది?"

తిడుతుందని కాచుకొని ఉన్నాను. తిట్టలేదు. తానూ అరచేతిలో వేసుకుంది. ఒకసారి రుచి చూసింది. మళ్ళీ చూసింది.

"నాకైతే సప్పగనే ఉంది, చెల్లె," అంది. ఆమె చేయి గల్లా దగ్గర్నుంచి వెంట తెచ్చుకున్న ఉప్పు డబ్బా మీదికి పోయింది.

పగతో అన్న మాట కాదది. ఆమెకు నిజంగానే చప్పగా ఉంది. నేను ఆమె ముఖం వైపు చూశాను, బహుశా ఏళ్ళ తర్వాత దగ్గరగా చూశాను. కొంగు జారి ఉంది. పెదవుల మూలలు రెండూ పగిలి ఎర్రగా ఉన్నాయి. గోడవైపు తిరిగి తినడం, జామకాయను కత్తితో కోసుకోవడం, నవ్వుకు కొంగు అడ్డం, అన్నీ ఒకేసారి నా కళ్ళ ముందు నిలబడ్డాయి.

నోరు తెరవమన్నాను. తెరవలేదు. చేయి పట్టుకున్నాను. విదిలించుకుంది. మళ్ళీ పట్టుకున్నాను, ఈసారి వదల్లేదు. చివరికి గోడవైపు తిరిగి, కొంగు చాటున ఏదో తీసి, గుప్పిట్లో దాచి నావైపు తిరిగింది. గుప్పిట నేనే విప్పాను. చిన్న ప్లేటు, తీగ కొక్కేలు, ముందువి నాలుగు పళ్ళు. నా ప్లేటు గులాబి రంగు, ఆమెది ఏ రంగో చెప్పలేను. పెళ్ళికి ముందే మెట్ల మీద పడి పళ్ళు పోతే, వాళ్ళ అమ్మ గుట్టుగా పట్నం తీసుకుపోయి కట్టించిందట. మొగుడికి కూడా తెలియదట. నోరు తెరిపించి చూశాను. అదే ఎరుపు, ప్లేటు అచ్చు.

ఇక్కడ నాకు జాలి కలిగిందని రాస్తే బాగుంటుంది. కలగలేదు. కడుపు మండిపోయింది. తన నోట్లో అదే పెట్టుకొని నా పళ్ళను పట్టకారుతో పట్టింది ఈమె. ఇన్నేళ్ళు కడుక్కోకుండా ఎట్లా ఉన్నావని అరిచాను.

"ఏడ కడగాలె? నువ్వే చెప్పు," అంది.

డాక్టరమ్మ ముందు నేనన్న మాట. ఆమెకు అది తెలిసే దారి లేదు. ఆమె గుప్పిట మళ్ళీ మూశాను. తర్వాత అడిగాను.

"మరి నా గ్లాసు ఎందుకు పడేసినవ్?"

ఆమె నేలవైపు చూస్తూ, పళ్ళు లేని సందులోంచి గాలి పోతుండగా చెప్పింది. "నీయి గ్లాసుల కనవడంగనే, నా నోరు అందరికి కనవడ్డట్టయింది."

బయట గిరాకీ మొదలైంది. ఆంటీ, పప్పు అయిందా అని ఎవరో అడుగుతున్నారు. నేను ఆమెను రెక్క పట్టుకొని బేసిన్ దగ్గరికి తెచ్చాను. రోడ్డు మీది జనాన్ని చూసి ఆమె కాళ్ళు నేలకు అతుక్కుపోయాయి. జర ఆగుండ్రి అని బయటివాళ్ళకు చెప్పి షట్టరు కిందికి లాగాను. మధ్యాహ్నం గిరాకీ వేళలో మా షట్టరు దిగడం అదే మొదటిసారి.

చీకటయింది. లైటు వేశాను. ఆమె నాకు వీపు చూపించి నిలబడింది, అన్నం తినేటప్పుడు నిలబడినట్టే. నల్లా విప్పింది. చెక్క మీది నా బ్రష్షు అందుకోబోయింది.

"అది ముట్టకు, ఎంగిలి," అన్నాను.

చేయి వెనక్కి తీసుకుంది. సబ్బు మాత్రం ఇచ్చాను. వేలితో తోముకుంది, నీళ్ళు చాలాసేపు పోయాయి. రేపు పొద్దున నల్లగండ్లకు తీసుకుపోతానని, కొత్త బ్రష్షు దారిలో కొనుక్కోమని ఆమె వీపుకు చెప్పాను. వంటింట్లోకి పోయి అరలోంచి ఒక స్టీలు గ్లాసు తీశాను, నిండా మంచినీళ్ళు పోసి తెచ్చి ఆమె ముందు పెట్టాను.

"ఇది తాగే గ్లాసు," అంది మెల్లగా.

"తెలుసు. అందుల వెయ్యి."

పళ్ళు గ్లాసులో పడిన చప్పుడు వినిపించింది. నేను పొయ్యి దగ్గరికి పోయి ఆమె పప్పును పక్కకు పెట్టి, ఇంకో గిన్నెలో కందిపప్పు కడిగాను. గరిటె నా చేతిలో ఉంది. ఆమె అడగలేదు, నేను ఇవ్వలేదు.